పదిమందితో జూకు వెళ్లాలి: అందరినీ మెప్పించే భారం నా ఒక్కదానిదేనా?

ప్రశ్న

హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఉంటున్న ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉద్యోగ వివరాలు తొలగించి దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. భర్త, పన్నెండేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు, అత్తమ్మ, మామయ్య ఒకే ఇంట్లో ఉంటారు. దసరా సెలవులకు కరీంనగర్ నుంచి ఆడబిడ్డ తన భర్తతో, ఇద్దరు పిల్లలతో వస్తోంది. ఒకరోజు అందరూ కలిసి నెహ్రూ జూపార్కుకు వెళ్లాలని ఇంట్లో అనుకున్నారు. అనుకున్నది అందరూ కలిసే అయినా, ఏర్పాట్లన్నీ ఈమె మీద పడ్డాయి. "నువ్వైతే చక్కగా ప్లాన్ చేస్తావు" అని భర్త అన్నారట. ఆయన చేసిందల్లా రద్దీ ఉండదని సోమవారం నాడు సెలవు పెట్టుకోవడం.

అత్తమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులే. అయినా చక్రాల కుర్చీ మాట ఎత్తితే చిన్నబుచ్చుకుంటారు. "నేను రాను, మీరు వెళ్లి రండి" అంటున్నారు. మామయ్యకు షుగర్, వేళకు తినాలి. బయటి తిండి ఎవరూ తినకూడదన్నది అత్తమ్మ పట్టు; అంటే తెల్లవారుజామున మూడున్నరకు లేచి పదిమందికి వండాలి. ఆడబిడ్డకు అదే రోజు చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కోవాలని ఉంది. ఇవి చాలవన్నట్టు, కూతురు తాను రానని తేల్చి చెప్పింది. "జంతువులను జైల్లో పెట్టి, వాటిని చూడ్డానికి టికెట్టు కొనుక్కుంటామా?" అని అడిగిందట. దానికి నాయనమ్మ కోప్పడింది, తండ్రి నవ్వేశాడు, తల్లికి ఏం చెప్పాలో తోచలేదు. పోయిన ఏడాది ఇలాగే వేరొక చోటికి వెళ్లినప్పుడు అత్తమ్మను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి తక్కినవాళ్లు రెండు గంటలు తిరిగి వచ్చారు. ఆమె ఆ తర్వాత మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు. "మళ్లీ అదే జరుగుతుందని భయంగా ఉంది. ఏదో ఒక సాకు చెప్పి మానిపించెయ్యనా? లేక వెళ్లాల్సిందే అంటే, ఎవరికీ కష్టం కలగకుండా ఎలా వెళ్లాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం

మీ ఉత్తరంలో మొదట తేల్చవలసింది చిన్న విషయం. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. మీవారు రద్దీ తప్పించుకోవాలనుకున్న రోజున గేటే తెరవరు. ఆ సెలవు మార్చుకోమని ఈ రోజే చెప్పండి. చెప్పి ఊరుకోండి, ఆయన ఆఫీసుతో మాట్లాడవలసిన పని ఆయనదే. శనివారం మీ అత్తమ్మకు ఒక్కపొద్దు అని రాశారు కనుక అది కుదరదు. ఆదివారం, గాంధీ జయంతి, దసరా మరుసటి రోజు లాంటి సెలవు దినాల్లో జనం విపరీతంగా వస్తారు. సద్దుల బతుకమ్మ నాడు, దాని ముందురోజు పువ్వుల పనితోనే ఇంట్లో ఆడవాళ్లకు తీరిక ఉండదు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా వీటికి తగలని రోజు ఒకటి చూసుకుంటే, మీరు భయపడుతున్న ఇబ్బందుల్లో సగం ఆ ఎంపికతోనే తగ్గుతాయి. మీవారికి సెలవు మార్చుకునే వీలు లేకపోతే ఆదివారమే దిక్కు. అప్పుడు గేటు తెరిచే వేళకే అక్కడ ఉండాలి, సఫారీ వాహనానికి, బ్యాటరీ బండికి ఎక్కువసేపు వేచి ఉండక తప్పదని ముందే అందరికీ చెప్పి ఉంచాలి.

ఇక అసలు సంగతి. "ఎవరికీ కష్టం కలగకుండా ఎలా వెళ్లాలి" అని మీరు అడిగారు. పదిమంది, ఐదేళ్ల వాడి నుంచి డెబ్బై దాటిన మామయ్య వరకు, ఒకే రోజు ఒకే చోట ఒక్కరికీ కష్టం కలగకుండా తిరగడం ఎవరివల్లా కాదు. మీరు ఆ పరీక్షకు కూర్చోవద్దు. అందరూ కలిసి వెళ్లడం వేరు, అందరూ అన్నీ కలిసే చూడాలనుకోవడం వేరు. పోయిన ఏడాది మీ కుటుంబంలో గొడవ ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే వచ్చిందని నాకు అనిపిస్తోంది. అందరూ కలిసే తిరగాలనుకున్నారు, అత్తమ్మ నడవలేకపోయారు, కనుక ఆమె ఒక్కరే విడిపోయారు. మొదటి నుంచీ రెండు మూడు గుంపులుగా తిరిగి మధ్యమధ్య కలుసుకోవాలనుకుని ఉంటే, విడిగా ఉండడం ఆమె ఒక్కరికే పడిన శిక్షలా ఉండేది కాదు.

ఈ జూపార్కు విస్తీర్ణం తెలిస్తే నేను ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువును ఆనుకుని, 380 ఎకరాల్లో ఉంటుంది. 1963 అక్టోబరులో ప్రజలకు తెరిచారు. ఇక్కడ చాలా జంతువులను ఇనుప ఊచల వెనక కాకుండా, లోతైన కందకం అవతల చెట్లూ బండలూ ఉన్న ఆరుబయట ఉంచుతారు. ఆ పద్ధతి జంతువుకు మేలు, చూసేవాళ్లకు మాత్రం కాళ్లు నొప్పి, ఎందుకంటే ఒక ఎన్‌క్లోజరుకూ ఇంకోదానికీ మధ్య నడక ఎక్కువ. సింహాల సఫారీ, నిశాచర జంతువుల శాల, పాముల శాల, పక్షులు, సీతాకోకచిలుకల పార్కు, పిల్లల రైలు, అన్నీ ఒకే రోజులో చూసేద్దామనుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సాయంత్రానికి చతికిలబడతారు. కనుక ఏమేమి చూడాలన్న జాబితా రాయకండి. ఏమేమి వదిలేయాలో ముందు నిర్ణయించుకోండి. రావాలని ఉన్న పిల్లలు ముగ్గురినీ, మామయ్యనూ తలా ఒకటి అడగండి: తప్పకుండా చూడాలనుకునేది ఏది? వాళ్లు చెప్పిన ఆ నాలుగైదూ చూస్తే రోజు నిండినట్టే. మిగిలినవి కనబడితే లాభం, కనబడకపోయినా నష్టం లేదు.

అత్తమ్మను కూడా అదే ప్రశ్న అడగాలి, కానీ అడిగేది మీరు కాకూడదు. "నేను రాను, మీరు వెళ్లి రండి" అన్న మాటకు మన ఇళ్లలో రెండు అర్థాలున్నాయి. నిజంగానే ఓపిక లేక అనేది ఒకటి, నన్ను బతిమాలి తీసుకెళ్తారా లేదా చూద్దామని అనేది రెండోది. కోడలు అడిగితే రెండోది కూడా మొదటిదానిలాగే వినిపిస్తుంది, పోయిన ఏడాది సంగతి ఇంకా మనసులో ఉంది కనుక. కొడుకు, తానొక్కడే ఉన్నప్పుడు, హడావుడి లేకుండా అడగాలి. "అమ్మా, నీకు ఏది చూడాలని ఉంది" అని అడిగితే ఒక జవాబు వస్తుంది, "వస్తావా రావా" అని అడిగితే ఇంకో జవాబు వస్తుంది. అలా అడిగిన తర్వాత కూడా ఆమె రానంటే, ఆ మాట నమ్మండి. ఆ రోజు ఇంట్లో ఆమెకు తోడుగా ఎవరు ఉంటారో మాత్రం ఆమె కొడుకూ కూతురూ తేల్చుకోవాలి. ఆమెను ఇంట్లో ఉంచి వెళ్తే మీ అందరికీ నడక సులువవుతుంది, కానీ ఫోటోల్లో ఆమె ఉండరు, ఆ లోటు మీ ఆడబిడ్డ కరీంనగర్ వెళ్లిపోయిన తర్వాత మీకే వినబడుతుంది. అది భరించగలరో లేదో మీకే తెలుసు.

ఆమె వస్తానంటే, చక్రాల కుర్చీ మాట ఎత్తకండి. జూలో డబ్బు చెల్లించి ఎక్కే బ్యాటరీ బండ్లు ఉన్నాయి, ప్రధాన దారుల వెంట తిప్పి చూపిస్తాయి. వాటిలో రోగులు ఎక్కరు, అందరూ ఎక్కుతారు, పిల్లలైతే ఎగబడి ఎక్కుతారు. మీ ఐదేళ్ల బాబునూ, ఆడబిడ్డ చిన్న పిల్లనూ నాయనమ్మకు అప్పగించి, మామయ్యను పక్కన కూర్చోబెట్టి ఆ బండి ఎక్కించండి. ఆమె అప్పుడు నడవలేక ఎక్కినట్టు ఉండదు, పిల్లలను కనిపెట్టుకుని ఉండడానికి ఎక్కినట్టు ఉంటుంది. ఇందులో మోసం లేదు, పిల్లలకు నిజంగానే ఒక పెద్దమనిషి తోడు కావాలి. అయితే ఆ ఇద్దరు చిన్నవాళ్లూ ఒకచోట కుదురుగా ఉండే రకం కాదని మీరే రాశారు కనుక, బండిలో పెద్దవాళ్లతో పాటు మీవారో, మీ ఆడబిడ్డ భర్తో కూడా ఉండడం మంచిది. బండి దిగి చూడవలసిన చోట్ల ఆమె కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, కానీ ఒంటరిగా వద్దు. ఒక్కోసారి ఒక్కొక్కరు ఆమె దగ్గర ఉండాలి, ఆ వంతుల్లో మీ ఆడబిడ్డ వంతు మొదట రావాలి. తల్లితో పావుగంట నిదానంగా కూర్చునే అవకాశం ఏడాదిలో ఎన్నిసార్లు దొరుకుతుంది ఆమెకు?

మామయ్య విషయం ఇంతకంటే తేలిక. ఉదయం టిఫిన్ ఇంట్లోనే వేళకు తినాలి, మందులు మీవారి జేబులో ఉండాలి, పన్నెండున్నరకు ఎక్కడున్నా భోజనానికి ఆగిపోవాలి. ఇంకొక్క ఎన్‌క్లోజరు చూసి తిందామన్న మాట రాకూడదు. షుగర్ పడిపోతే ఇవ్వడానికి నాలుగు బిస్కెట్లో, చిన్న బెల్లం ముక్కో చేతిసంచీలో ఉంచండి.

వంట దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ అలసట కనిపించింది ఈ భాగంలోనే. మూడున్నరకు లేచి పూరీలు, కూర, పులిహోర, పెరుగన్నం, గారెలు చేస్తే మీరు జూకు చేరేసరికే సగం అయిపోతారు, ఆ తర్వాత ఎవరు ఏమన్నా కోపమే వస్తుంది. బయటి తిండి వద్దన్న అత్తమ్మ మాటలో న్యాయం ఉంది: షుగర్ మనిషికి, చిన్నపిల్లలకు ఇంటి భోజనమే నిబ్బరం. ఆ మాట ఒప్పుకుంటూనే వంటకాల సంఖ్య తగ్గించవచ్చు. పులిహోరకు పులుసు ముందురోజు రాత్రే ఉడికించి ఉంచుకోండి. పొద్దున అన్నం వండి కలపడమే మిగులుతుంది, అది మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం ఎండకు పులిసిపోకుండా ఉండాలంటే మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక గరిటెడు పెరుగు మాత్రమే తోడుగా కలిపి తీసుకెళ్లండి, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. మామయ్యకు జొన్నరొట్టెలు, ఏదైనా పొడికూర. అంతే. గారెలు ఆ రోజుకు వద్దు. రొట్టెలు మీ ఆడబిడ్డ చేస్తుంది, ఈ మాట ఆమెతో మీరే నేరుగా, ముందురోజే, నవ్వుతూ అనండి. పుట్టింటికి వచ్చిన పిల్లతో పని చేయిస్తావా అని అత్తమ్మ అనవచ్చు. "తండ్రికి కూతురి చేతి రొట్టె తినిపిద్దామని" అన్న జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

రెండో దారి కూడా ఉంది. ఇంటి నుంచి పెద్దవాళ్లిద్దరికీ, చిన్నపిల్లలకూ మాత్రమే భోజనం తీసుకెళ్లి, మిగిలినవాళ్లు లోపలి క్యాంటీనులో దొరికింది తినడం. శ్రమ సగానికి తగ్గుతుంది. కానీ ఐదేళ్ల వాడు తన పెరుగన్నం వదిలేసి అక్క చేతిలోని సమోసా కోసం ఏడుస్తాడు, అత్తమ్మ మాట అందరిముందూ తీసేసినట్టూ అవుతుంది. మీ ఇంటి పరిస్థితి చదివాక మొదటి దారే మీకు చౌక అనుకుంటున్నాను. ఏ దారి పట్టినా ప్లాస్టిక్ సంచులు, వాడి పారేసే ప్లేట్లు తీసుకెళ్లకండి, గేటు దగ్గర సంచీలు చూస్తారు. స్టీలు డబ్బాలు, స్టీలు సీసాలు, మోదుగాకు విస్తళ్లు చాలు. మిగిలిన అన్నమో, పండ్లో జింకలకు పెడదామని పిల్లలు అడుగుతారు. పెట్టనివ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలో జంతువులకు తిండి వేయడం, వాటిని ఆటపట్టించడం, అరుపులతో బెదరగొట్టడం శిక్షార్హమైన నేరాలు. ఈ సంగతి ఇంట్లో ఉన్నప్పుడే చెబితే అక్కడ పేచీ ఉండదు.

మీ కూతురి ప్రశ్న గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ దానికి జవాబు చెప్పలేదు. ఒకరు కోప్పడ్డారు, ఒకరు నవ్వారు. ఆ ప్రశ్న పెద్దవాళ్లు కూడా అడుగుతున్న ప్రశ్నే, తేలికగా కొట్టిపారేసేది కాదు. అలాగని "జూలు జంతువులను కాపాడతాయి" అని ఒక్కమాటలో చెప్పేసినా సగం అబద్ధం చెప్పినట్టే అవుతుంది. నిజం రెండు వైపులా ఉంది, పన్నెండేళ్ల పిల్లకు రెండు వైపులా చెప్పవచ్చు.

ఒకవైపు ఇది. మూషిక జింక అని ఒక చిన్న జంతువు ఉంది, మన నల్లమల లాంటి అడవుల్లో ఉంటుంది, కుందేలు కంటే ఏమంత పెద్దది కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఇదే నెహ్రూ జూ కలిసి దానిని పెంచి, సంఖ్య పెరిగాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. రాబందుల కథ ఇంకా పెద్దది. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది, దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. రాబందులను మళ్లీ పెంచడానికి ఎంచుకున్న జూలలో హైదరాబాదుది ఒకటి. ఈ పనులు చాలావరకు సందర్శకుల కళ్లముందు జరిగేవి కావు. మన టికెట్టు డబ్బు మాత్రం అలాంటి పనులున్న చోటికే వెళ్తోందని ఆమెకు తెలియాలి.

రెండోవైపు తెల్లపులి ఉంది. హైదరాబాదు జూలో అందరూ ఎగబడి ఫోటోలు తీసుకునేది దాన్నే. తెల్లపులి అని వేరే జాతేమీ లేదు, మామూలు పులికే అరుదైన జన్యు కారణంగా వచ్చే రంగు అది. 1951లో రీవా సంస్థానపు అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులి పిల్ల నుంచే, దగ్గరి బంధుత్వం ఉన్న పులులను జతకట్టిస్తూ, జూలలో ఇప్పుడున్న తెల్లపులుల సంతతిని చాలావరకు పెంచారు. అడవిలో పులులను కాపాడడానికి దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. జనం చూడాలనుకుంటారు కనుక ఉంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఈ ఎన్‌క్లోజరు ముందు నిలబడి అడగవలసిన ప్రశ్న.

ఇవి రెండూ చెప్పి, నిర్ణయం ఆమెకు వదిలేయవచ్చు. రానంటే ఏం చేయాలన్నది మీ చేతిలో ఉంది. బలవంతంగా తీసుకెళ్తే వస్తుంది, కానీ ముఖం మాడ్చుకుని వస్తుంది, నాయనమ్మతో ఇంకో మాట అనిపించుకుంటుంది, తన అభిప్రాయానికి ఇంట్లో విలువ లేదని అనుకుంటుంది. స్నేహితురాలి ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండనిస్తే ఆమె మాటకు విలువ ఇచ్చినట్టవుతుంది. కరీంనగర్ నుంచి వచ్చిన మేనత్త పిల్లలతో గడపవలసిన రోజు మాత్రం పోతుంది, "అక్క రాకపోతే నేనూ రాను" అని బాబు మొదలుపెట్టవచ్చు. మూడో దారి నాకు నచ్చింది: చూడ్డానికి కాకుండా పరిశీలించడానికి రమ్మనండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఏ ఎన్‌క్లోజరులో జంతువుకు నీడ, నీళ్లు, దాక్కునే చోటు ఉన్నాయి, ఎక్కడ అది ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, సందర్శకులు ఎక్కడ అరుస్తున్నారు, ఇవన్నీ రాసుకోమనండి. ఇంటికి వచ్చాక ఆమె చూసినవి జూ క్యూరేటరుకు ఉత్తరంగా రాయవచ్చు. దేశంలోని జూలకు గుర్తింపు ఇచ్చి, ప్రమాణాలు పెట్టే కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఒకటి 1992 నుంచి ఉందని కూడా చెప్పండి. ఈ ఏర్పాటుకు ఒక షరతు ఉంది. అక్కడికి వెళ్లాక ఆమె "ఇది నిజంగానే జైలే" అన్నా మీరు నొచ్చుకోకూడదు, ఆమెను ఒప్పించడానికి ఇదంతా చేశారని ఆమెకు అనిపించకూడదు. తెల్లపులి దగ్గరికి తాను రానంటే బయటే ఉండనివ్వండి, ఆ సమయంలో నాయనమ్మ దగ్గర కూర్చునే వంతు ఆమెది కావచ్చు.

ఇక ఆ రోజు ఎలా గడపాలన్నది. జులై నుంచి మార్చి వరకు జూ ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, సాయంత్రం ఐదింటికి మూస్తారు. పులులు, సింహాలు చల్లటి వేళల్లోనే కదులుతూ కనిపిస్తాయి, మధ్యాహ్నం నీడ చూసుకుని పడుకుంటాయి. అందుకే వెళ్లగానే సఫారీ, పెద్దపులులు పూర్తి చేసుకోవాలి. ఆ పూటే పెద్దవాళ్లకూ ఓపిక ఉంటుంది. భోజనం అయ్యాక ఎండలో తిరగకుండా నీడపట్టున ఉండేవి చూడండి. నిశాచర జంతువుల శాలలో పగలు చీకటిగా ఉంచి, రాత్రి దీపాలు వెలిగిస్తారు, అందువల్ల దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలాల వంటివి మనం వెళ్లిన వేళకు మెలకువగా ఉంటాయి. లోపలికి వెళ్లగానే ఏమీ కనబడదు, కళ్లు అలవాటు పడేదాకా కాసేపు కదలకుండా నిలబడాలి. మీ బాబు చీకటికి భయపడతాడని రాశారు కనుక వాడిని ముందే అడిగి, వద్దంటే తండ్రితో పిల్లల రైలెక్కించండి. మీ అమ్మాయికి మాత్రం ఆ శాల తప్పకుండా నచ్చుతుంది. రెండున్నరకు బయటపడండి. మూసేదాకా ఉండాలన్న పట్టుదల వద్దు.

పిల్లలు తప్పిపోతారన్న మీ భయం సహేతుకమైనదే. ఉదయం బయలుదేరేముందు నలుగురినీ నిలబెట్టి ఒక ఫోటో తీసుకోండి, ఆ రోజు ఏ బట్టలు వేసుకున్నారో చూపించడానికి పనికొస్తుంది. చిన్నవాళ్లిద్దరి జేబుల్లో మీ ఇద్దరి ఫోను నంబర్లు రాసిన కాగితం పెట్టండి. గేటులోకి వెళ్లగానే ఎవరైనా విడిపోతే ఎక్కడికి రావాలో ఒక చోటు చూపించండి.

ప్రయాణానికి రెండు మార్గాలున్నాయి. మెట్రోలో కూకట్‌పల్లి నుంచి ఎంజీబీఎస్ దాకా ఒకే లైను మీద రావచ్చు, అక్కడి నుంచి ఆటోలు. ఖర్చు తక్కువ, పిల్లలకు సరదా. కానీ డబ్బాలు, సంచులు, మోకాళ్ల నొప్పులతో స్టేషనులో దిగి మూడు ఆటోలు వెతుక్కోవడం అత్తమ్మకు మొదటి గంటలోనే విసుగు తెప్పిస్తుంది. పదిమందీ పట్టే బండి ఒకటి మాట్లాడుకుంటే మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఆరాంఘర్‌కు వచ్చి, అక్కడి నుంచి 2025 జనవరిలో తెరిచిన ఫ్లైఓవరు మీద జూ దగ్గర దిగవచ్చు. డబ్బు ఎక్కువే అవుతుంది, ఆ డబ్బు మీ అత్తమ్మ మోకాళ్లకు పెట్టిన ఖర్చు అనుకోండి.

మీ ఆడబిడ్డ గాజుల కోరిక కొట్టిపారేయవలసినది కాదు. జూ నుంచి చార్మినారు దూరం కాదు. అయితే అలసిన పిల్లలతో, పెద్దవాళ్లతో లాడ్ బజారు జనంలోకి వెళ్లడం మాత్రం వద్దు. రెండున్నరకు మగవాళ్లిద్దరూ పెద్దవాళ్లనూ పిల్లలనూ బండిలో ఇంటికి తీసుకెళ్తే, మీరూ ఆడబిడ్డా ఆటోలో చార్మినారు వెళ్లి రావచ్చు, మీ అమ్మాయి వస్తానంటే ఆమెనూ తీసుకుని. ఇందులో ఒక చిక్కు ఉంది: ఇంట్లో దిగిన వెంటనే అత్తమ్మకు టీ, బాబుకు స్నానం, తెచ్చిన డబ్బాలు కడగడం, ఇవన్నీ ఆ మగవాళ్లిద్దరి మీదే పడతాయి. పడనివ్వండి. లేదా గాజుల కోసం ఇంకో సాయంత్రం పెట్టుకోవచ్చు, అప్పుడు ఈ రోజు తేలికగా ముగుస్తుంది కానీ సెలవుల్లో ఇంకో సాయంత్రం దొరుకుతుందో లేదో మీకే తెలియాలి.

చివరగా మీవారి సంగతి. "నువ్వైతే చక్కగా ప్లాన్ చేస్తావు" అన్నది మెచ్చుకోలు రూపంలో పని అప్పగించడం. దానికి విరుగుడు సాయం అడగడం కాదు. సాయం అడిగితే పని మీదే అవుతుంది, ఆయన చేసింది ఉపకారం అవుతుంది. కొన్ని పనులు పూర్తిగా ఆయనవి అని విడదీయండి: సెలవు మార్చుకోవడం, బండి, టికెట్లు, తల్లిని అడగడం, తండ్రి మందులు, భోజన వేళ చూసుకోవడం. ఆ పనులు ఎంతవరకు వచ్చాయని మీరు అడగకండి. ఏదో ఒకటి మరిచిపోతారు, తప్పదు. టికెట్లు ముందుగా కొనడం మరిచిపోతే ఆ వరుసలో ఆయనే నిలబడతారు. మందులు ఒక్కటే మరిచిపోకూడనివి కనుక అవి మీవారి జేబులో ఉన్నాయో లేదో గుమ్మం దాటేముందు మామయ్యనే అడగండి. ఆయన మందులు ఆయనకు బాగా తెలుసు.

సాకు చెప్పి మానిపించడం గురించి కూడా అడిగారు. మానిపించవచ్చు. ఈ ఏడాదికి మీకు విశ్రాంతి దొరుకుతుంది. కానీ నిజమైన కారణం చెప్పకుండా మానిపిస్తే వచ్చే ఏడాది ఇంకో చోటు పేరుతో ఇదే ఉత్తరం మీరు నాకు మళ్లీ రాయవలసి వస్తుంది. మానాలనుకుంటే "పదిమందికి ఒక్కదాన్నే ఏర్పాట్లు చేయలేను" అని ఉన్న మాటే చెప్పి మానండి. అలా చెప్పగలిగితే, బహుశా మానవలసిన అవసరమే రాదు. వెళ్లేట్టయితే ఇంకొక్కటి ముందే తేల్చుకోండి: ఆ రాత్రి వంట. తిరిగొచ్చాక అందరూ నడుం వాలుస్తారు, మీరు మళ్లీ పొయ్యి వెలిగిస్తారు, అది జరగకూడదు. బయటి తిండి వద్దన్న నియమాన్ని ఆ ఒక్క పూటకు సడలించి, వీధి చివరి టిఫిన్ సెంటరు నుంచి ఇడ్లీలు తెప్పించడానికి అత్తమ్మను ఒప్పించే పని మీ ఆడబిడ్డకు అప్పగించండి. తల్లి ఆమె మాట కాదనదు.